రవళి బస్సుకు బోణీ

అర్సపల్లి, నిజామాబాదు.

అక్కకు తమ్ముడు గంగారాం దండాలు.

నీ మోకాళ్ళ నొప్పి, బావ దగ్గు, మా లలిత కోపం ఈ చలికి మరీ ఎక్కువ కాలేదని తలుస్తున్నాను. ఇక్కడ నేనూ రవళీ బాగానే ఉన్నాము. నిజంగానే బాగున్నాము, నువ్వేమీ రంది పెట్టుకోకు. ఈ మాట ఉత్తరం చివర మళ్ళీ రాస్తాను, విసుక్కోకు.

మన ఊరి నుంచి దుబాయి, మస్కటు పోయినవాళ్ళే ఉత్తరాలు మానేశారు, బస్సెక్కితే పూట తిరగకముందే ఇల్లు చేరేవాడివి నీకు ఉత్తరమేమిటని నవ్వుతావని తెలుసు. ఏం చేయమంటావు? ఫోను చేస్తే సరిగ్గా వినపడదని నువ్వు స్పీకరు పెడతావు. నీ కిరాణా కొట్టు ముందు బీడీలకు వచ్చినవాళ్ళు, ఉప్పుకు వచ్చినవాళ్ళు అందరూ వింటారు. పోయినసారి నాకు కడుపు పాడయిందని చెబితే, సాయంత్రానికల్లా ఊళ్ళో సగం మంది ఫోను చేసి దానిమ్మ తొక్క మరిగించి తాగమన్నారు. ఈసారి చెప్పవలసింది అంతకన్నా పెద్ద సంగతి. ఇప్పటికే ఎవరో ఒకరు నీ చెవిన వేసి ఉంటారు, 'గంగారాం బస్సుల చెకింగోళ్ళకు దొరికిండంట' అని. వాళ్ళు చెప్పింది నిజమే. కానీ ఎలా దొరికానో, ఎందుకు దొరికానో నేను రాస్తే చదవాలి గానీ, బీడీలకు వచ్చినవాళ్ళ దగ్గర వినకూడదు.

ముందు ఇక్కడి మంచి చెడ్డలు రాస్తాను. మేముండేది ఖాజా భాయి అనే ఆయన ఇంట్లో, మేడ మీద గది. ఆయన ఒకప్పుడు దర్జీ. కళ్ళు మసకబారి మిషను మూలకు పెట్టేశాడు. రవళి డ్యూటీ కోటు భుజాల దగ్గర వేలాడుతోందని చూసి, దుమ్ము దులిపి మళ్ళీ మిషను తొక్కాడు. ఒక చేయి కొంచెం పొట్టి అయింది. అయినా అంత ప్రేమగా కుట్టాడని రవళి దాన్నే వేసుకుంటోంది, ఆ చేయి ఎప్పుడూ బ్యాగు కింద దాచుకుంటుంది.

చలి మన దగ్గర ఉన్నంత లేదు. మనకు గోదారి గాలి కదా, ఎముకలు కొరుకుతుంది. ఇక్కడ చలికి బదులు దోమలు. పగలంతా గదిలో ఒక్కడినే. అన్నిటికన్నా కష్టం ఏమిటంటే, కొట్లాడటానికి మనిషి లేడు. ఊళ్ళో అయితే పొద్దున లేవగానే పొలం ఒడ్డు నావైపు జరిపాడని పక్క చేను పోశెట్టితో మొదలుపెట్టి, మధ్యాహ్నం అన్నం వేళకు ఆపేవాడిని. ఇక్కడ ఒడ్లు లేవు, పోశెట్టి లేడు. ఖాజా భాయితో గొడవ పెట్టుకుందామని నీళ్ళ మోటారు గురించి ఒకసారి గొంతు పెంచాను. ఆయన 'సచ్ బాత్ హై భాయ్' అని ఒప్పుకుని చాయ్ పోశాడు. అలాంటి మనిషితో ఏం కొట్లాడతాము?

వంట నాదే. నవ్వకు. రవళి పొద్దు పొడవక ముందే డ్యూటీకి పోయి, పొద్దు గూకినాక వస్తుంది. పట్నంలో ఒంటరి పిల్ల, ఎవరో ఒకరు తోడుండాలి కదా. తల్లిగా రావలసింది లలితే. కానీ మన బర్రెలు ఆమె చేతికి పాలిస్తాయి, నా చేతికి తన్నులిస్తాయి. ఇంటికి ఎవరి అవసరం తక్కువో అని ఆలోచిస్తే, అందరూ నావైపే చూశారు. మొదట్లో నా జొన్న రొట్టె చూసి రవళి, "బాపు, గిది ఏ దేశం పటం?" అని అడిగింది. ఇప్పుడు గుండ్రంగానే వస్తోంది, కాకపోతే మధ్యలో చిల్లు పడుతోంది.

ఇక అసలు విషయానికి వస్తాను. అక్కా, మన ఇంట్లో నెల జీతం ముఖం చూసిన మనిషి ఎవరో చెప్పు. తాత పాలేరు. బాపు బతుకంతా పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడంలోనే పోయింది. నేను బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో సీజను పనికి పేరు రాయించుకుంటే, నా పేరు పిలవక ముందే ఫ్యాక్టరీ మూతపడింది. నా అదృష్టం అంత బలమైనది. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల మెడలో ఫోటో కార్డు వేసుకుని, చేతిలో టికెట్ల మిషను పట్టుకుని, 'రైట్ రైట్' అంటే అంత పెద్ద బస్సు కదులుతోంది. ఆపమంటే ఆగుతోంది. నా మాటకు మన ఎద్దులు కూడా ఏనాడూ అలా ఆగలేదు.

ఈ సంతోషం లోపల దాచుకోవడం నా వల్ల కాలేదు. పాలవాడికి చెప్పాను. మంగలికి చెప్పాను, అతను సగం గడ్డం గీసి మిగతా సగం వినడంలో పడిపోయాడు. తల తిరుగుతోందని దవాఖానకు పోతే డాక్టరు, "ఏమైతుంది?" అని అడిగాడు. "మా బిడ్డ కండక్టరయింది సార్," అన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా బీపీ చూశాడు.

రవళికి బోధన్ రూటు ఇచ్చారు. మొదటి రోజు నేనూ బస్టాండుకు పోయి, బస్సు ముందు చక్రం దగ్గర కొబ్బరికాయ కొట్టాను. డ్రైవరు యాదగిరి మంచివాడు, తానే నీళ్ళు తెచ్చి చక్రం కడిగాడు. కానీ కాయ ముదురుది. ఎంతకీ పగలలేదు. పగిలేసరికి ఒక చిప్ప పక్కనున్న బస్సు కిందికి దొర్లింది. ఎక్కినవాళ్ళంతా ప్రసాదం కోసం మళ్ళీ దిగారు. బస్సు ఆలస్యంగా కదిలింది. రవళి నావైపు చూసిన చూపు అచ్చం లలిత చూపే.

ఆ రోజు వెనక సీట్లో కూర్చుని చూశాను కదా, అప్పుడే నాకు గుండె జారిపోయింది. మన దగ్గర ఇప్పుడు ఆడవాళ్ళకు బస్సు ఉచితం. కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ కొట్టి ఇస్తుంది. తెల్లవారు బస్సు, ఎక్కినవాళ్ళంతా ఆడవాళ్ళే. నా బిడ్డ మొట్టమొదటి టికెట్ సున్నా. రెండోది సున్నా. ఆ తర్వాత వరుసగా సున్నాలే.

నా బాధ ఎవరికి అర్థం కాకపోయినా నీకు అర్థమవుతుంది. నీ కొట్లో బోణీ కాకముందు నువ్వు సొంత తమ్ముడికి అగ్గిపెట్టె కూడా ఊరికే ఇవ్వవు. పొద్దున్నే చిల్లర లేకుండా వచ్చినవాళ్ళను గడప అవతలే నిలబెట్టి, చేతి వాసి మంచిదని బావను పిలిచి ఆయనతో రూపాయి పెట్టించి ఒక బెల్లం ముక్క కొనిపిస్తావు. నీ తమ్ముడిని నేను. కొత్త ఉద్యోగం సున్నాతో బోణీ అవుతుంటే చూస్తూ ఎలా కూర్చుంటాను?

మర్నాడు అందరికన్నా ముందు బస్సెక్కి చెయ్యి చాపాను. "బిడ్డా, మొదలు నాకు కొట్టు."

"గందరగోళం చెయ్యకు బాపు. వరుసగ కొట్టుకుంట వస్త."

"సున్నతోని బోణీ అయితే దినమంత సున్ననే గదా."

"జీరో టికెట్ గూడ టికెటే బాపు. ఆడోళ్ళ పైసలు సర్కారు కడ్తది."

"సర్కారు చెయ్యి ఎసొంటిదో ఎవలకెరుక? ముందుగాల నాకు కొట్టు."

ఆడవాళ్ళంతా పక్కున నవ్వారు. వాళ్ళలో పోసవ్వ అనే ఆమె ఉంది. రోజూ పొద్దున్నే నిజామాబాదు మార్కెట్టులో కూరగాయలు కొని ఎడపల్లిలో అమ్ముకుంటుంది. ఆమె గంప సర్దుకుంటూ, "కొట్టు బిడ్డా. మీ బాపు మనసు సల్లవడుతది, మా బండి జెల్ది కదుల్తది," అంది. రవళి పళ్ళు బిగించి అర్సపల్లి దాకా నాకు టికెట్ కొట్టింది. ఇంటికి వచ్చి ఆ టికెట్ దేవుడి పటం దగ్గర పెట్టాను.

ఆ సాయంత్రం రవళి నన్ను కూర్చోబెట్టి గట్టిగా చెప్పింది. "నీ బోణీ నువ్వు చేసుకో. అర్సపల్లి దాక టికెట్ తీసుకో, అర్సపల్లిల దిగి ఇంటికి పో. బస్సుల మాత్రం నువ్వు ప్యాసింజర్‌వి, నేను కండక్టర్‌ని. నా ముచ్చట ఎవ్వలకు చెప్పద్దు. నా ఉద్యోగం ఇంక పక్కా గాలే బాపు. ఒక్క కేసు నా మీద వడ్డా ఇంటికి పంపుతరు."

"నా కండ్ల మీద ఒట్టు బిడ్డా," అన్నాను.

ఒట్టులో సగం నిలబెట్టుకున్నాను. రోజూ చీకటితో లేచి బస్టాండుకు నడిచి పోవడం, మొదటి టికెట్ నేనే తీసుకోవడం, అర్సపల్లిలో దిగడం. చెప్పుకోవడం మాత్రం మానలేదు. అది నేను చెప్పడం కాదక్కా, దానంతటదే వచ్చేస్తుంది. పైగా నా బోణీ పనిచేసింది కూడా. ఒకరోజు జ్వరంతో నేను పోలేదు, ఆ రోజే జాన్కంపేట దగ్గర టైరు పంక్చరయింది. అప్పటి నుంచి యాదగిరి నేను ఎక్కనిదే బండి తీయడు. "గంగారామన్న వచ్చిండా?" అని అద్దంలోంచి చూస్తాడు. రవళి మాత్రం నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసి, "ఎక్కడికి?" అని అడుగుతుంది. "అర్సపల్లికి మేడం," అంటాను. బస్సంతా నవ్వుతుంది, ఆమె ఒక్కతే నవ్వదు.

ఇప్పుడు దొరికిన సంగతి. ఆ పొద్దున నా పక్కన తెల్ల చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. బోధన్ పోతున్నాడట. బస్సు కదిలాక నన్ను చూసి, "మీకు పిల్లలున్నరా? ఏం చేస్తరు?" అని అడిగాడు.

అక్కా, ఎవరూ అడగకుండానే చెప్పేవాడిని నేను. నన్ను ఒకరు కోరి అడిగారు! ఇంకేముంది, రవళి పుట్టిననాడు గోదారికి వచ్చిన వరద దగ్గర మొదలుపెట్టాను. చిన్నప్పుడు కొలిచే కుంచంతో ఆడుకునేదని చెప్పాను. పదో తరగతి మార్కులు, ఒక్కో సబ్జెక్టువి చెప్పాను. ఆయన తల ఊపుతూనే ఉన్నాడు. 'అర్సపల్లి, అర్సపల్లి దిగేటోళ్ళు దిగున్రి' అని రవళి పిలిచిందట. మళ్ళీ పిలిచిందట. నేను అప్పటికి ఇంటర్మీడియెట్ దగ్గర ఉన్నాను.

ముందు చెరుకు ట్రాక్టరు పోతోంది, బస్సు దాని వెనక మెల్లగా పోతోంది. సారంగాపూర్‌లో బస్సు ఆగింది. ఇద్దరు చెకింగ్ సార్లు ఎక్కారు. బయట చెట్టు చూసి, అర్సపల్లిలో ఈ చెట్టు లేదే అనుకున్నాను. అప్పుడు తెలిసింది.

పెద్ద సారు నా టికెట్ తీసుకుని చూశాడు. "అర్సపల్లి ఎన్కకు వోయింది పెద్దమనిషీ. గీడిదాక ఎట్లొచ్చినవ్?"

నేను మళ్ళీ ఆ చెట్టు వైపే చూశాను. ఆయన నన్ను వదిలి రవళి వైపు తిరిగాడు. "ఏమమ్మా, టికెట్ లేకుంట మనిషిని ఎట్ల తెచ్చినవ్? నీ ఎరుకలోనోడా?"

ఒక్క కేసు పడితే ఇంటికి పంపుతారన్న మాట చెవుల్లో మోగింది. నేనే తండ్రినని తెలిస్తే, తండ్రిని ఊరికే తిప్పుతోందని రాస్తారు. నా వల్ల నా బిడ్డ ఉద్యోగం పోతుంది. అంతే, నా బుద్ధి పనిచేయలేదు. లేచి నిలబడి, "లేదు సార్! గీ పిల్లెవలో నాకు తెల్వనే తెల్వది. ఎన్నడు సూడలే," అన్నాను.

వెనక నుంచి పోసవ్వ గొంతు లేచింది. "అయ్యో గంగారామన్నా! నీ నోట్ల మన్నువడ! కన్నబిడ్డను వట్టుకొని ఎన్నడు సూడలే అంటవా?"

"దినాం ఆమె ముచ్చటనే గదా నీకు!" అని మరొకామె.

"ఆ పిల్లకు పాల పండ్లు ఎప్పుడూడినయో మాకు సుత ఎరుకే సార్," అని ఇంకొకామె.

యాదగిరి తలకాయ పట్టుకుని స్టీరింగు మీదికి వాలిపోయాడు. బస్సులో మా బంధుత్వం తెలియనివాళ్ళు ఆ ఇద్దరు సార్లే, ఇప్పుడు వాళ్ళకూ తెలిసింది. సారు మొహం ఎర్రబడింది. "ఓహో! తండ్రేనా? సొంత మనిషని ఊకెనే తిప్పుతున్నవా?"

రవళి జనంలోంచి దారి చేసుకుని ముందుకు వచ్చింది. గొంతు వణకలేదు, కళ్ళు మాత్రం నావైపు తిప్పలేదు. "మా బాపే సార్. అర్సపల్లి దాక టికెట్ నేనే కొట్టిన. అర్సపల్లి వచ్చినంక రెండుసార్లు పిలిసిన. ముచ్చట్ల వడి దిగలే. నేను ఎన్కనున్న, సూడలే. ఫైన్ ఆయనకు రాయున్రి. నా తప్పుంటె నాకు గూడ రాయున్రి."

"పిలిసింది సార్, మేమందరం విన్నం," అని ఆడవాళ్ళు ఒకటే గొడవ. సారు నా పక్కనున్న పెద్దమనిషిని అడిగాడు. ఆయన నా వైపు జాలిగా చూసి, "పిలిసింది నిజమే సార్. దిగుమని ఈయనకు చెప్దామంటే నాకు నడుమ సందు దొరకలే," అన్నాడు.

సారు నాకు ఫైను రాశాడు. కొత్త చెప్పులకని దాచిన డబ్బు దానికే పోయింది. రవళి మీద కూడా కాగితంలో ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో చెప్పలేదు. నన్ను దించి బస్సు వెళ్ళిపోయింది. పిన్నీసు పెట్టిన చెప్పుతో సారంగాపూర్ నుంచి నడిచి వచ్చాను. దారిలో ఎదురైన వాళ్ళెవరికీ ఏమీ చెప్పలేదు. అంత దూరం నోరు మూసుకుని నడవడం నా జన్మలో అదే మొదలు.

ఆ పగలు ఎలా గడిచిందో దేవుడికి తెలుసు. డ్యూటీలో ఆమె ఫోను ఎత్తదు. పొయ్యి ముందు కూర్చుని పప్పు మాడగొట్టాను. బిడ్డ బతుకు బాగుచేద్దామని వచ్చి నేనే ఆమె కూట్లో మట్టి పోశానని ఏడ్చాను. అవునక్కా, ఏడ్చాను, ఇందులో దాచుకునేదేముంది? నా రెండు చొక్కాలు, పంచె సంచిలో పెట్టుకున్నాను. ఊరికి వచ్చేద్దామనే అనుకున్నాను.

రవళి వచ్చింది. కోటు విప్పి తగిలించింది, కాళ్ళు కడుక్కుంది, మాడిన పప్పు మాట్లాడకుండా తిన్నది. నాకు అదే భయం. తిట్టని ఆడది ఎంత ప్రమాదమో మా లలిత దగ్గర చూశాను. పగలు నా ఏడుపు విని సంగతి తెలుసుకున్న ఖాజా భాయి మెట్లెక్కి వచ్చి, "బేటీ, మీ బాపు పెద్దమనిషి. మాఫ్ జెయ్యి," అన్నాడు.

"మీరు కూసోండ్రి చాచా, చాయ్ పెడ్త," అంది. ముగ్గురం చాయ్ తాగాము. ఆయన గ్లాసు కింద పెట్టి, నాకు ధైర్యం చెప్పినట్టు భుజం తట్టి దిగిపోయాడు.

అప్పుడు నేనే అడిగాను. "ఉద్యోగం వోయిందా బిడ్డా?"

"పోలే. డిపోల పిలిసిండ్రు. ఆ సారు మంచిగనే రాసిండు. పిలిసిందని, ప్యాసింజర్లు అందరు సాక్ష్యం చెప్పిండ్రని. కన్నతండ్రికి ఫైన్ రాయించిన కండక్టరు ఎవలని డిపోలందరు వచ్చి సూసి పోయిండ్రు."

నాకు ప్రాణం లేచి వచ్చింది. "మరెందుకు బిడ్డా మొహం గట్ల పెట్టినవ్? రేపు పొద్దుగాల నేను ఊరికి వోత. నీకిగ నా రంది ఉండది."

సంచి చూసింది. చూసేసరికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఫైన్ ముచ్చట గాదు బాపు. పాలోనికి చెప్పినవ్, మంగలోనికి చెప్పినవ్, డాక్టర్‌కు చెప్పినవ్. సిగ్గయితుండె, గని లోపల మంచిగనే ఉంటుండె. అందరికి చెప్పినోడివి, సారు నిలవడి అడిగిన కాడ ఈ పిల్లెవలో తెల్వదన్నవ్. గది... గదే మనసుకు వట్టింది నాకు."

అక్కా, ఏం చెప్పను? నీ ఉద్యోగం పోతుందని భయపడి అన్నానని చెబుదామని నోరు తెరిచాను. ఎప్పుడూ అవసరం లేని చోట వచ్చే మాట, అవసరమైనప్పుడు రాలేదు. ఆమే లేచి నా సంచిలోంచి చొక్కాలు తీసి మళ్ళీ దండెం మీద వేసింది.

తెల్లవారు నేను లేవలేదు. లేవలేదంటే మెలకువగానే ఉన్నాను, దుప్పటి తీయలేదు. ఇక బస్టాండుకు పోయే ముఖం నాకెక్కడిది? రవళి కోటు వేసుకుంది, బ్యాగు తగిలించుకుంది. గడప దగ్గర ఆగింది.

"బాపు, లే. చెప్పులేసుకో. బోణీకి ఆలిస్యమయితుంది."

"నేనెందుకు బిడ్డా?"

"నువ్వు రాకుంటె యాదగిరన్న బండి తియ్యడు. పోసవ్వ నన్ను బతుకనియ్యది. లే."

పిన్నీసు చెప్పులే తొడుక్కుని వెంట పోయాను. బస్సు నిండా అదే ఆడవాళ్ళు. నన్ను చూసి పోసవ్వ మూతి తిప్పుకుంది. రవళి నా ముందు నిలబడి మిషను తీసింది. నేను తల వంచుకుని, "అర్సపల్లి," అన్నాను.

"అర్సపల్లి ఇయ్య. నువ్వు దిగవు. బోధన్ దాక తీసుకో," అని టికెట్ కొట్టి చేతిలో పెట్టింది. "బోధన్ దాక చెప్పుకో. నోరు నొయ్యంగ చెప్పుకో. గని ఎవలన్న అడిగితే తెల్వదనకు."

ఆడవాళ్ళంతా ఒక్కసారి చప్పట్లు కొట్టారు. యాదగిరి హారను కొట్టాడు. బస్సు కదిలింది. బోధన్ దాకా చెప్పుకోమని కండక్టరే అనుమతి ఇచ్చింది, కానీ ఏం చెప్పాలో నాకు ఒక్క ముక్క తోచలేదు. అర్సపల్లి పోయింది, సారంగాపూర్ పోయింది. "గంగారామన్నకు నోరు వోయిందే," అని పోసవ్వ భయపడి నాకొక జామపండు ఇచ్చింది. జాన్కంపేటలో ఒక ముసలాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. నేను మాట్లాడకుండా కళ్ళు తుడుచుకోవడం చూసి, టికెట్ తీసుకుంటూ రవళిని మెల్లగా అడిగాడు. "బిడ్డా, ఈయన ఎవలు? ఏమైంది పాపం?"

రవళి చిల్లర లెక్కపెట్టి ఆయన చేతిలో పెట్టింది. తర్వాత బస్సంతా వినేలా, స్టాపు పేరు పిలిచే గొంతుతో చెప్పింది. "మా బాపు. దినాం పొద్దుగాల నా బస్సుకు బోణీ చేస్తడు."

ఆ తర్వాత ఎడపల్లి ఎప్పుడొచ్చిందో, బోధన్ ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు.

ఇదీ అక్కా జరిగింది. ఊళ్ళో ఎవరైనా అడిగితే దొరికాడనే చెప్పు, తప్పేమీ లేదు, మిగతాది కూడా చెప్పు. నువ్వు ఫోను స్పీకరు పెట్టే వేళకు ఎవరైనా వస్తే ఈ ఉత్తరమే చదివి వినిపించు. ఫైను రశీదు టికెట్ల పక్కనే దేవుడి పటం దగ్గర పెట్టాను. రవళి తీసేయమంది, తీయలేదు.

చింతకాయ తొక్కు అయిపోయింది. జొన్న పిండి కూడా అడుగుకు వచ్చింది. రెండూ సర్దించి పంపు, కానీ రవళి బస్సులో మాత్రం పంపకు. మేనత్త పంపిన తొక్కుకు కూడా లగేజీ టికెట్ కొడుతుంది, ఆ పిల్లను ఇప్పుడు నమ్మలేము. పసుపు తవ్వే వేళకు నేను వస్తాను, అప్పటిదాకా చేనును లలిత చూసుకుంటుంది. పోశెట్టి ఒడ్డు జరుపుతున్నాడేమో ఒక కన్నేసి ఉంచు. జరిపితే నేను వచ్చేదాకా నువ్వు కొట్లాడకు, అది నాకే ఉంచు.

నీ మోకాళ్ళకు వేడి ఆముదం రాసుకో. బావ బీడీలు తగ్గించుకోవాలి. లలితకు చెప్పు, ఆమె బిడ్డ రోజూ వేళకు తింటోంది, నేను బాగానే ఉన్నాను, రొట్టెలో చిల్లు కూడా చిన్నదవుతోంది. ఊళ్ళో పెద్దలందరికీ నా దండాలు. నువ్వు పొద్దున్నే కొట్టు తెరిచి గల్లాకు దండం పెట్టుకునేటప్పుడు, మా రవళిని కూడా తలుచుకుని ఒక దీవెన వేయి. ఉద్యోగం పక్కా అయ్యేదాకా నీ చేతి బోణీ కూడా ఆమెకు తోడుండాలి.

నీ తమ్ముడు,
గంగారాం
(కండక్టర్ రవళి బాపు)